గ్రహాల బాట

పిల్లలూ! ఒక చిన్న లెక్కతో ఈ పాఠం మొదలుపెడదాం.

మన మారిషస్ దీవిలో ఉదయం ఎనిమిది గంటలైంది. మీరు సంచి భుజాన వేసుకొని బడికి వస్తున్నారు. అదే సమయానికి దుబాయి నగరంలో ఎన్ని గంటలవుతుంది? దుబాయి మనకు ఉత్తరంగా సుమారు 5,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. విమానంలో వెళ్ళాలంటే ఆరేడు గంటలు పడుతుంది. అయినా అక్కడి గడియారం కూడా ఎనిమిదే చూపుతుంది. ఒక్క నిమిషం తేడా లేదు.

సరే, ఇప్పుడు జనవరి నెల అనుకోండి. మన దీవిలో ఎండ మండుతుంది. చెమట కారుతుంది. సముద్రపు ఒడ్డుకు పోయి స్నానం చేయాలనిపిస్తుంది. ఆ రోజుల్లో దుబాయి పిల్లలు ఉదయం పూట ఉన్ని చొక్కా తొడుక్కొని బడికి పోతారు. జూలై నెలలో ఇది తిరగబడుతుంది. మనం చలి చొక్కా వెతుక్కుంటాం. దుబాయిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

గంట ఒకటే. కాలం మాత్రం వేరు. ఎందుకు ఇలా జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మన భూమి నడకలో ఉన్నది. భూమి నడక తెలిస్తే మిగిలిన గ్రహాల నడక కూడా తెలుస్తుంది.

దుబాయి ఎక్కడ ఉన్నది?

ఎడారి నేలమీద, సముద్రపు ఒడ్డున, ఏడు చిన్న రాజ్యాలు ఉన్నాయి. వాటి పేర్లు అబూ ధాబీ, దుబాయి, షార్జా, అజ్మాన్, ఉమ్మ్ అల్ కువైన్, రాస్ అల్ ఖైమా, ఫుజైరా. ఇవన్నీ కలిసిన దేశాన్ని ఐక్య అరబ్ ఎమిరేట్లు అంటారు. ఆ దేశం 1971 డిసెంబరు 2న ఏర్పడింది. దానికి అబూ ధాబీ రాజధాని.

ఆ దేశానికీ తెలుగువారికీ సంబంధం ఉన్నది. మన ముత్తాతలు 19వ శతాబ్దంలో కోరంగి మొదలైన రేవులలో ఓడలెక్కి ఈ దీవికి వచ్చారు. చెరకు తోటలలో పనిచేశారు. ఈ రోజుల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో తెలుగువారు విమానమెక్కి ఆ ఎడారి దేశానికి పోతున్నారు. ఇళ్ళు కడతారు, దుకాణాలలో పనిచేస్తారు, బండ్లు నడుపుతారు. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడు గంటల వరకు ఎవరి చేతా ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. ఆ నెలల ఎండ అంత కఠినమైనది.

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది

భూమి బంతి వలె గుండ్రంగా ఉన్నది. అది బొంగరం లాగా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఇలా తిరగడాన్ని భ్రమణం అంటారు. ఒకసారి తిరగడానికి ఒక పగలు, ఒక రాత్రి, అంటే 24 గంటలు పడుతుంది. భూమిలో సూర్యుని వైపు ఉన్న భాగానికి పగలు. అవతలి వైపు ఉన్న భాగానికి రాత్రి.

ఒక నారింజపండు తీసుకోండి. తొడిమ వైపు ఉత్తరం అనుకోండి. తొడిమ నుండి అడుగు వరకు నిలువుగా ఒక గీత గీయండి. ఆ గీత మీద పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టండి. పై చుక్క దుబాయి, కింది చుక్క మన దీవి. ఇప్పుడు దీపం ఎదుట పండును మెల్లగా తిప్పండి. రెండు చుక్కలూ ఇంచుమించు ఒకేసారి వెలుగులోకి వస్తాయి. ఒకేసారి చీకటిలోకి పోతాయి. అందుకే ఆ రెండు చోట్లా గడియారం ఒకే గంట చూపుతుంది. ఆంధ్రదేశం మనకు తూర్పుగా ఉన్నది. అక్కడ సూర్యుడు ముందుగా ఉదయిస్తాడు. కనుక మనకు ఎనిమిది గంటలైనప్పుడు అక్కడ తొమ్మిదిన్నర అవుతుంది.

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంది

బొంగరం తిరుగుతూ తిరుగుతూ నేలమీద ఒక చుట్టు కూడా తిరగడం మీరు చూసే ఉంటారు. భూమి కూడా అంతే. తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుని చుట్టూ కూడా తిరుగుతుంది. ఈ తిరుగుడును పరిభ్రమణం అంటారు. ఒక చుట్టు పూర్తి కావడానికి 365 రోజుల 6 గంటలు పడుతుంది. దానినే మనం సంవత్సరం అంటాం. మిగిలిన ఆ 6 గంటలు నాలుగేళ్ళలో ఒక రోజు అవుతాయి. అందుకే నాలుగేళ్ళకొకసారి ఫిబ్రవరికి 29 రోజులు వస్తాయి.

భూమి నడిచే ఈ బాటను కక్ష్య అంటారు. భూమి తన కక్ష్యలో సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పోతుంది. మీరు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేలోగా మన బడి, మన ఊరు, మన దీవి అన్నీ 60 కిలోమీటర్లు ముందుకు పోయాయన్నమాట! మనమందరం భూమితోపాటే పోతున్నాం కనుక ఆ కదలిక మనకు తెలియదు.

ఆ కక్ష్య అచ్చమైన గుండ్రం కాదు. కొంచెం సాగిన గుండ్రం. అందువల్ల భూమి జనవరి మొదటి రోజుల్లో సూర్యునికి కాస్త దగ్గరగా ఉంటుంది. అప్పుడు దూరం 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి రోజుల్లో కాస్త దూరంగా ఉంటుంది. అప్పుడు దూరం 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు.

"అయితే జనవరిలో మనకు ఎండ ఎక్కువ కావడానికి కారణం అదే కదా!" అని మీలో ఎవరైనా అనవచ్చు. ఆగండి. దుబాయిని గుర్తుకు తెచ్చుకోండి. జనవరిలో భూమి అంతా సూర్యునికి దగ్గరగానే ఉన్నది కదా! మరి దుబాయిలో చలి ఎందుకు? కనుక దగ్గర, దూరం వేసవికి కారణం కాదు.

అసలు కారణం వేరే ఉన్నది. భూమి నిటారుగా నిలబడి తిరగదు. ఇరవైమూడున్నర డిగ్రీలు వాలి తిరుగుతుంది. ఏడాది పొడవునా ఒకే వైపుకు వాలి ఉంటుంది. జూన్, జూలై నెలల్లో భూమి ఉత్తర భాగం సూర్యుని వైపు వాలి ఉంటుంది. దుబాయి ఉత్తర భాగంలో ఉన్నది. అప్పుడు అక్కడ సూర్యకిరణాలు తిన్నగా పడతాయి. పగలు పొడవవుతుంది. ఎండ పెరుగుతుంది. ఆరు నెలలు గడిచేసరికి భూమి సూర్యునికి అవతలి వైపు చేరుతుంది. అప్పుడు దక్షిణ భాగం సూర్యుని వైపు వాలి ఉంటుంది. మన దీవి దక్షిణ భాగంలో ఉన్నది. కనుక మనకు వేసవి వస్తుంది. నవంబరు చివరలో ఒకసారి, జనవరి మూడవ వారంలో మరొకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ సమయంలో నేలమీద పాతిన కర్రకు నీడ కనిపించదు.

చూశారా! ఒకే గంట కావడానికి కారణం భ్రమణం. వేర్వేరు కాలాలు కావడానికి కారణం భూమి వాలు, దాని పరిభ్రమణం.

చుక్కలు, గ్రహాలు

పూర్వం సముద్రం మీద పోయేవారికి చుక్కలే దారి చూపేవి. రాస్ అల్ ఖైమా ప్రాంతంలో పూర్వం జుల్ఫార్ అనే రేవు ఉండేది. 15వ శతాబ్దంలో అక్కడ అహ్మద్ ఇబ్న్ మాజిద్ అనే నావికుడు పుట్టాడు. చుక్కలను చూసి ఓడ నడిపే పద్ధతిని ఆయన పుస్తకాలలో వ్రాశాడు.

అరబ్బులు సుహైల్ అని పిలిచే చుక్క ఒకటి ఉన్నది. ఆగస్టు నెల చివరలో తెల్లవారుజామున అది దక్షిణ దిక్కున కనిపిస్తే, ఇక ఎండలు తగ్గుతాయని ఎమిరేట్ల ప్రజలు సంతోషిస్తారు. ఆ చుక్కనే తెలుగువారు అగస్త్య నక్షత్రం అంటారు. ఫిబ్రవరి రాత్రులలో అది మన దీవిలో దక్షిణపు ఆకాశంలో బాగా ఎత్తుగా మెరుస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరగడం వల్లనే ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క చుక్క రాత్రి ఆకాశంలో కనిపిస్తుంది.

చుక్కలు ఒకదాని పక్కన ఒకటి ఎప్పుడూ అదే అమరికలో ఉంటాయి. కాని కొన్ని వెలుగులు మాత్రం నెలనెలా ఆ చుక్కల మధ్య చోటు మారుతుంటాయి. అవే గ్రహాలు. చుక్కలు మిణుకు మిణుకుమంటాయి. గ్రహాలు సాధారణంగా నిలకడగా వెలుగుతాయి. గ్రహాలకు సొంత వెలుగు లేదు. వాటిపై పడిన సూర్యుని వెలుగే మనకు కనిపిస్తుంది.

వారాల పేర్లలో గ్రహాలు ఉన్నాయని మీకు తెలుసా? మంగళవారం మంగళుడిది. అతనినే కుజుడు, అంగారకుడు అని కూడా అంటారు. బుధవారం బుధుడిది. గురువారం గురుడిది. శుక్రవారం శుక్రుడిది. శనివారం శనిది. మీరు బడిలో నేర్చుకొనే ఫ్రెంచి భాషలో మంగళవారాన్ని మార్దీ అంటారు. అందులో మార్స్ గ్రహం ఉన్నది. మెర్క్రెదీలో మెర్క్యూరీ, అంటే బుధుడు ఉన్నాడు. ఆ భాష వేరు, మన భాష వేరు. వారాలలో ఉన్న గ్రహాలు మాత్రం అవే.

గుడిలో నవగ్రహాలను చూసి ఉంటారు. ఆకాశంలో చోటు మారుతూ కనిపించే సూర్యుణ్ణి, చంద్రుణ్ణి కూడా మన పూర్వులు గ్రహాలుగానే లెక్కించారు. చంద్రుని బాట సూర్యుని బాటను దాటే రెండు చోట్లను రాహువు, కేతువు అన్నారు. గ్రహణాలు ఏర్పడేది ఆ చోట్ల దగ్గరే. ఇప్పటి శాస్త్రం ప్రకారం సూర్యుడు ఒక నక్షత్రం. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం. సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాలు ఎనిమిది. మీ అమ్మానాన్నల పాత పుస్తకంలో తొమ్మిది అని ఉండవచ్చు. అప్పట్లో ప్లూటోను కూడా లెక్కలో చేర్చేవారు. 2006లో శాస్త్రజ్ఞులు ప్లూటోను మరుగుజ్జు గ్రహాలలో చేర్చారు.

ఎనిమిది గ్రహాలు

సూర్యుని నుండి వరుసగా ఎనిమిది గ్రహాలను చూద్దాం.

బుధుడు అందరికంటె చిన్నవాడు, సూర్యునికి అందరికంటె దగ్గరివాడు. 88 రోజులలో ఒక చుట్టు పూర్తి చేస్తాడు.

శుక్రుడు తెల్లవారుజామున కనిపిస్తే పల్లెలలో వేగుచుక్క అంటారు. కొన్ని నెలలు సాయంకాలం పడమట కనిపిస్తాడు. ఈ గ్రహం బాట మన బాటకు లోపల ఉన్నది. అందుకే అది ఎప్పుడూ సూర్యుని దరిదాపులలోనే ఉంటుంది, నడిరాత్రి కనిపించదు. దానిని దట్టమైన గాలిపొర దుప్పటి వలె కప్పి ఉన్నది. అందువల్ల అన్నిటికంటె వేడి గ్రహం ఇదే. అక్కడి వేడి సుమారు 465 డిగ్రీలు. ఒక చుట్టుకు 225 రోజులు పడుతుంది.

మూడవది మన భూమి. నీరు, గాలి, చెట్లు, మనుషులు ఉన్న గ్రహం మనకు తెలిసినంతవరకు ఇది ఒక్కటే.

నాలుగవది కుజుడు. నేలలో ఇనుపతుప్పు ఉండడం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. అక్కడ ఒక రోజు 24 గంటల 39 నిమిషాలు. ఒక సంవత్సరం మాత్రం మన 687 రోజులు.

ఐదవది గురుడు. అన్నిటికంటె పెద్దది. పదకొండు భూములను పక్కపక్కన పేర్చితే గురుని అడ్డుకొలత అవుతుంది. ఒక చుట్టుకు సుమారు 12 సంవత్సరాలు.

ఆరవది శని. దాని చుట్టూ మంచు ముక్కలతో ఏర్పడిన అందమైన వలయాలు ఉన్నాయి. ఒక చుట్టుకు ఇరవైతొమ్మిదిన్నర సంవత్సరాలు.

ఏడవది యురేనస్. దీనిని 1781లో విలియం హెర్షెల్ దూరదర్శినితో కనుగొన్నాడు. ఒక చుట్టుకు 84 సంవత్సరాలు.

ఎనిమిదవది నెప్ట్యూన్. దీనిని 1846లో కనుగొన్నారు. ఒక చుట్టుకు 165 సంవత్సరాలు. మన ముత్తాతల ఓడలు ఈ దీవికి వస్తున్న రోజుల్లో కనుగొన్న ఈ గ్రహం, అప్పటినుండి ఇప్పటికి ఒక్క చుట్టు పూర్తి చేసి రెండవ చుట్టు తిరుగుతున్నది.

గ్రహాలు సూర్యునిలో ఎందుకు పడిపోవు?

ఒక తాడుకు బంతి కట్టి గిరగిర తిప్పండి. బంతి ముందుకు దూసుకుపోవాలని చూస్తుంది. తాడు దానిని లోపలికి లాగుతుంది. అందువల్ల బంతి మీ చుట్టూ తిరుగుతుంది. సూర్యునికీ గ్రహానికీ మధ్య తాడు లేదు. సూర్యుని ఆకర్షణ శక్తే ఆ తాడు పని చేస్తుంది. గ్రహం ముందుకు పోతూ ఉంటుంది. సూర్యుడు దానిని తన వైపు లాగుతూ ఉంటాడు. ఈ రెండూ కలిసి గ్రహాన్ని బాటలో నిలుపుతాయి.

దగ్గరి గ్రహాన్ని సూర్యుడు గట్టిగా లాగుతాడు. కనుక అది వేగంగా తిరుగుతుంది. దూరపు గ్రహం మీద ఆ లాగుడు తక్కువ. కనుక అది మెల్లగా తిరుగుతుంది. బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పోతే, నెప్ట్యూన్ 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ పోతుంది.

కుజునికి పోవడం ఎలా?

ఇప్పుడు మళ్ళీ ఎమిరేట్ల దేశానికి పోదాం. తమ దేశం ఏర్పడి యాభై ఏళ్ళు నిండేలోగా కుజ గ్రహానికి ఒక అంతరిక్ష నౌకను చేర్చాలని ఆ దేశంవారు 2014లో నిశ్చయించారు. ఆ నౌకకు అల్ అమల్ అని పేరు పెట్టారు. అరబ్బీ భాషలో ఆ మాటకు ఆశ అని అర్థం. దుబాయిలోని మొహమ్మద్ బిన్ రాషిద్ అంతరిక్ష కేంద్రంవారు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులతో కలిసి దానిని తయారుచేశారు. అది ఒక చిన్న కారు అంత ఉంటుంది. బరువు సుమారు 1,350 కిలోలు.

నౌక సిద్ధమైతే చాలదు. బయలుదేరే రోజు కూడా సరిగా ఉండాలి. ఎందుకో తెలుసుకోవడానికి బడి ఆవరణలో ఒక ఆట ఆడండి. జెండా కొయ్య చుట్టూ రెండు గుండ్రాలు గీయండి. లోపలి గుండ్రం మీద ఒక అబ్బాయి, బయటి గుండ్రం మీద ఒక అమ్మాయి నిలబడాలి. అబ్బాయి భూమి, అమ్మాయి కుజుడు. అబ్బాయి వేగంగా, అమ్మాయి మెల్లగా పరుగెత్తాలి. అబ్బాయి ఒక్కొక్కసారి అమ్మాయి పక్కకు వస్తాడు. తరువాత దాటిపోతాడు. కొయ్యకు అవతల చేరుతాడు. మళ్ళీ పక్కకు రావాలంటే చాలా చుట్టు తిరగాలి.

భూమి, కుజుడు కూడా ఇలాగే ఉంటాయి. ఒకసారి పక్కపక్కకు వచ్చిన తరువాత మళ్ళీ అలా రావడానికి సుమారు 780 రోజులు, అంటే 26 నెలలు పడుతుంది.

ఇప్పుడు అబ్బాయి చేతికి ఒక బంతి ఇవ్వండి. పరుగెత్తుతున్న అమ్మాయికి దానిని అందించమనండి. ఆమె ఉన్న చోటికి విసిరితే బంతి వెనుక పడిపోతుంది. ఆమె రాబోయే చోటికి విసరాలి. అల్ అమల్‌ను కూడా అలాగే పంపారు. అది బయలుదేరిన రోజున కుజుడు ఉన్న చోటికి కాదు, ఏడు నెలల తరువాత కుజుడు రాబోయే చోటికి పంపారు. కుజుడు ఆనాటికి అక్కడికి వస్తాడని ఎలా తెలుసు? గ్రహం తన బాట తప్పదు కనుక లెక్క వేసి చెప్పవచ్చు.

పూర్వం తెరచాప ఓడలు అనుకూలమైన గాలి కోసం రేవులో వేచి ఉండేవి. ఇక్కడ వేచి ఉండవలసింది గ్రహాల కోసం. 2020 జూలై మధ్య నుండి ఆగస్టు వరకే సరైన రోజులు. అవి దాటిపోతే మళ్ళీ 2022 వరకు ఆగాలి. అప్పటికి యాభై ఏళ్ళూ నిండిపోతాయి.

ఆ సంవత్సరమే కోవిడ్ జబ్బు లోకమంతా వ్యాపించింది. దేశాలు తలుపులు మూసుకుంటున్నాయి. నౌకను జపాను దేశంలోని తనెగాషిమా దీవికి చేర్చాలి. ప్రయాణాలు పూర్తిగా ఆగిపోతాయేమో అన్న భయంతో ఏప్రిల్ నెలలోనే, అనుకున్నదానికంటె ముందుగా, దానిని విమానంలో తీసుకుపోయారు. జూలై మధ్యలో పంపుదామనుకుంటే వాన, మబ్బులు అడ్డుపడ్డాయి. చివరకు జూలై 20న, మన గడియారం ప్రకారం రాత్రి 1 గంట 58 నిమిషాలకు, జపాను రాకెట్టు దానిని పైకి తీసుకుపోయింది. చివరి పది అంకెలను అరబ్బీ భాషలో లెక్కపెట్టారు. మీరు తెలుగులో లెక్కపెట్టండి చూద్దాం: పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి!

అదే నెలలో చైనా, అమెరికా దేశాలు కూడా కుజునికి నౌకలు పంపాయి. అందరూ ఒకే నెలలో ఎందుకు పంపారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇరవైయేడు నిమిషాలు

అల్ అమల్ ఏడు నెలలలో 49 కోట్ల కిలోమీటర్లు పోయింది. తిన్నని దారిలో కాదు, వంపు దారిలో పోయింది. ఆ నెలలన్నీ అది కూడా ఒక చిన్న గ్రహం వలె సూర్యుని చుట్టూ తిరిగిందని చెప్పవచ్చు.

2021 ఫిబ్రవరి 9వ తేదీ వచ్చింది. ఆ సాయంకాలం నౌక కుజుని దగ్గరకు చేరింది. దాని వేగం గంటకు 1,21,000 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే కుజుని ఆకర్షణ దానిని పట్టుకోలేదు. నౌక కుజుణ్ణి దాటి శూన్యంలోకి పోతుంది. వేగం గంటకు 18,000 కిలోమీటర్లకు తగ్గాలి. అందుకోసం ఆరు ఇంజన్లు 27 నిమిషాలపాటు మండాలి. తక్కువసేపు మండితే నౌక దాటిపోతుంది. మరీ ఎక్కువసేపు మండితే కుజుని మీద పడిపోతుంది.

దుబాయిలో ఉన్నవారు ఆ సమయంలో ఏమీ చేయలేరు. అక్కడి నుండి మాట భూమికి చేరడానికే 11 నిమిషాలు పట్టింది. "ఆగు" అని చెప్పినా ఆ మాట చేరడానికి మరో 11 నిమిషాలు కావాలి. కనుక నౌక తనకు తానే అన్ని పనులూ చేసుకోవాలి. అంతకుముందు కుజునికి పంపిన నౌకలలో ఇంచుమించు సగం విఫలమయ్యాయి. ఏడేళ్ళ కష్టం ఆ 27 నిమిషాలలో ఉన్నది. అక్కడి ఇంజనీర్లు తెరల ముందు కూర్చొని ఎదురుచూశారు. అప్పుడు మన దీవిలో కూడా రాత్రి వేళే.

రాత్రి ఎనిమిది దాటిన తరువాత నౌక నుండి మాట అందింది. ఇంజన్లు సరిగ్గా మండాయి. నౌక కుజుని చుట్టూ తిరుగుతున్నది! అమెరికా, సోవియట్ యూనియన్, యూరపు దేశాల సంస్థ, భారతదేశం తరువాత కుజుణ్ణి చేరినవారు ఎమిరేట్లవారే. చైనా నౌక ఆ మరునాడే చేరింది.

ఆనాడు ఏ వారమో తెలుసా? మంగళవారం! మంగళుని నౌక మంగళవారం నాడే మంగళుణ్ణి చేరింది.

కుజునికి 20,000 నుండి 43,000 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, 55 గంటలకొక చుట్టు చొప్పున, ఆ నౌక కుజుని గాలిని పరిశీలించింది. 2023లో కుజుని చిన్న చందమామ డైమోస్ దగ్గరగా పోయి దాని చిత్రాలు కూడా పంపింది.

తెలుగు నేల, మన దీవి

భారతదేశం కుజునికి పంపిన మంగళయాన్ తెలుగు నేల మీదనుండే బయలుదేరింది. ఆంధ్రప్రదేశ్‌లో సముద్రపు ఒడ్డున శ్రీహరికోట అనే దీవి ఉన్నది. 2013 నవంబరు 5న అక్కడి నుండి దానిని పంపారు. అది కూడా మంగళవారమే! 2014 సెప్టెంబరు 24న అది కుజుణ్ణి చేరింది. మొదటి ప్రయత్నంలోనే భారతదేశం విజయం పొందింది.

మన దీవి చిన్నదే. అయినా మనకు కూడా ఒక ఉపగ్రహం తయారైంది. దాని పేరు మిర్‌శాట్-1. 2021 జూన్ 22న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని జపాను విభాగం నుండి దానిని భూమి కక్ష్యలోకి వదిలారు. మారిషస్ దేశపు మొదటి ఉపగ్రహం అదే.

పిల్లలూ! గ్రహాలు ఎవరి కోసమూ ఆగవు. ఎవరి మీదా కోపం పెట్టుకోవు. తమ బాటలో తాము నడుస్తాయి. వాటి నడకను ఓపికతో చూసి లెక్క నేర్చినవారు 49 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని కూడా చేరగలిగారు. ఆ లెక్క మీ బడిలో నేర్చుకొనే కూడికలు, గుణింతాలతోనే మొదలవుతుంది.

ఈ రాత్రి మబ్బు లేకపోతే అమ్మతోనో తాతతోనో బయటకు వచ్చి ఆకాశం చూడండి. మిణుకుమనకుండా నిలకడగా వెలిగే చుక్క ఏదైనా ఉన్నదేమో వెతకండి. అది మన భూమికి తోబుట్టువు. మనలాగే సూర్యుని చుట్టూ నడుస్తున్నది.

జాగ్రత్త: సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ నేరుగా చూడకూడదు. కళ్ళు పాడవుతాయి.

కొత్త మాటలు

భ్రమణం – తన చుట్టూ తాను తిరగడం
పరిభ్రమణం – మరొకదాని చుట్టూ తిరగడం
కక్ష్య – గ్రహం నడిచే బాట
ఉపగ్రహం – గ్రహం చుట్టూ తిరిగేది
వేగుచుక్క – తెల్లవారుజామున కనిపించే శుక్రుడు

ప్రశ్నలు

1. మన దీవిలో, దుబాయిలో గడియారం ఒకే గంట ఎందుకు చూపుతుంది?
2. జనవరిలో భూమి సూర్యునికి దగ్గరగా ఉన్నా దుబాయిలో చలి ఎందుకు?
3. శుక్రుడు నడిరాత్రి ఎందుకు కనిపించడు?
4. అల్ అమల్ 2020 ఆగస్టు దాటితే ఎందుకు రెండేళ్ళు ఆగవలసి వచ్చేది?
5. కుజుని మీద పుట్టినరోజు మన లెక్కలో ఎన్ని రోజులకొకసారి వస్తుంది?

చేసి చూడండి

బడి ఆవరణలో ఒక మూల నిలబడండి. ఆ చోటు సూర్యుడు. అక్కడి నుండి 4 అడుగులు వేస్తే బుధుడు, 7 అడుగులకు శుక్రుడు, 10 అడుగులకు భూమి, 15 అడుగులకు కుజుడు, 52 అడుగులకు గురుడు, 95 అడుగులకు శని. యురేనస్‌కు 192 అడుగులు, నెప్ట్యూన్‌కు 300 అడుగులు కావాలి. మీ బడి ఆవరణలో ఏ గ్రహం వరకు పట్టిందో పలక మీద వ్రాయండి. ప్రతి గ్రహం చోట ఒక్కొక్కరు నిలబడి ఆ గ్రహం పేరు తెలుగులో గట్టిగా చెప్పండి.